పన్ను ముందు అందరూ కుర్రాళ్లే

ముసలితనాన్ని రద్దు చేయడం ఏ వైద్యుడి వల్లా కాలేదు. కేంద్ర ఆర్థిక శాఖ మాత్రం చేసి చూపించింది. ఆదాయపు పన్ను పాత పద్ధతిలో అరవై నిండితే సీనియర్ సిటిజన్, ఎనభై నిండితే సూపర్ సీనియర్. మొదటివారికి మూడు లక్షల దాకా పన్ను ఉండదు, రెండోవారికి అయిదు లక్షల దాకా. కొత్త పద్ధతిలో ఈ తరతమ భేదాలు లేవు. నిన్నగాక మొన్న హైటెక్ సిటీలో ఉద్యోగంలో చేరిన పాతికేళ్ల కుర్రాడికీ, మోకాళ్లు పట్టుకుని ట్రెజరీ మెట్లెక్కే ఎనభై రెండేళ్ల మాస్టారికీ ఒకటే లెక్క. నాలుగు లక్షల దాకా సున్నా, ఆ పైన నాలుగేసి లక్షలకు అయిదు శాతం, పది శాతం, అలా ముప్ఫై దాకా. 2020 బడ్జెట్‌లో "కావాలంటే తీసుకోండి" అంటూ వచ్చిన ఈ పద్ధతి 2023-24 నుంచి ఇంటి యజమాని అయి కూర్చుంది. "అయ్యా, నేను ముసలివాణ్ణి, నాకు పాతదే కావాలి" అని గడువులోగా రిటర్నులో చెప్పుకోకపోతే మిమ్మల్ని కుర్రాళ్ల జాబితాలోనే వేస్తారు.

నష్టం వచ్చి ఉంటే ధర్నాచౌక్‌లో కూర్చునేవాళ్లం. చిక్కేమిటంటే లాభం వచ్చింది. 2025 బడ్జెట్ పుణ్యమా అని పన్నెండు లక్షల ఆదాయం దాకా రిబేటు. పెన్షనరుకు రూ.75,000 స్టాండర్డ్ డిడక్షన్ కూడా ఉంది కనుక రూ.12.75 లక్షల పెన్షన్ దాకా పైసా కట్టక్కర్లేదు. బీపీతో, షుగరుతో ఎనభై ఏళ్లు పోరాడి సాధించుకున్న అయిదు లక్షల హక్కు, ఆ పాతికేళ్ల కుర్రాడికి ఊరికే ఇచ్చినదాని ముందు వెలవెలబోయింది. మాస్టారికి డబ్బు మిగిలింది, "సూపర్" హోదా పోయింది. ఆయన దిగులంతా రెండోదాని గురించే.

ఇంకో దిగులు కూడా ఉంది. ఇన్నేళ్లూ ఆయన సెక్షన్లు కంఠతా పట్టారు. ఎల్ఐసీకి 80సి, ఆరోగ్య బీమాకు 80డి, డిపాజిట్ల వడ్డీలో యాభై వేల మినహాయింపుకు 80టీటీబీ. కాలనీ పార్కులో ఆయన చుట్టూ నలుగురు చేరేది ఈ విద్య కోసమే. కొత్త పద్ధతికి వచ్చేస్తే ఈ మూడూ పనికిరావు. పాత పద్ధతిలోనే ఉండిపోదామన్నా 2026 ఏప్రిల్ 1 నుంచి 80సి కాస్తా 123 అయింది, 80డి 126 అయింది. 2025 ఆదాయపు పన్ను చట్టం 819 సెక్షన్లను 536కు కుదించింది. అయిదు లక్షల పైచిలుకు మాటలను దాదాపు సగానికి కోసింది. చట్టం చిక్కిపోయిందని ఢిల్లీలో సంబరపడ్డారు. మాస్టారు మాత్రం ఎనభై రెండో ఏట మళ్లీ ఒకటో ఎక్కం మొదలుపెట్టారు.

1961 నాటి పాత చట్టమూ రిటైరైందన్న మాటే గానీ ఇంటికి వెళ్లలేదు. 2025-26లో వచ్చిన పెన్షన్‌కు ఈ ఏడాది వేసే రిటర్ను ఇంకా దాని పద్దులోదే. అంటే ఇప్పుడు చేతికొచ్చే పెన్షన్ కొత్త చట్టం కింద, లెక్క చెప్పాల్సిన పెన్షన్ పాత చట్టం కింద. మన శాఖల్లో రిటైరైన అధికారిని సలహాదారుగా అదే కుర్చీలో కూర్చోబెట్టడం చూసినవాళ్లకు ఇందులో వింతేమీ కనపడదు.

డెబ్భై అయిదు నిండినవాళ్ల మీద 2021లో ఓ దయ పుట్టింది. వాళ్లు రిటర్నే వేయక్కర్లేదు. పన్నేదో బ్యాంకే లెక్కగట్టి కోసుకుంటుంది. ఎంత హాయి! కాకపోతే షరతుంది: పెన్షన్ తప్ప ఉన్న ఆదాయమల్లా వడ్డీయే కావాలి, ఆ వడ్డీ పెన్షన్ పడే బ్యాంకులోంచే రావాలి. ఇప్పుడు మన పెన్షనరు ఇనప్పెట్టె తెరిచి చూడండి. పెన్షన్ ఒక బ్యాంకులో, ఒక ఎఫ్‌డీ బజారు వీధి బ్యాంకులో, ఇంకోటి కో-ఆపరేటివ్ బ్యాంకులో, సీనియర్ సిటిజన్ స్కీము పోస్టాఫీసులో. ఎందుకలా చెల్లాచెదురు చేశారయ్యా అంటే, బ్యాంకు మునిగితే బీమా అయిదు లక్షలకే కనుక. ఆ జాగ్రత్త నేర్పిందీ ప్రభుత్వమే. డబ్బు భద్రంగా ఉండాలంటే నాలుగు చోట్ల పెట్టు, రిటర్ను బాధ తప్పాలంటే ఒక్కచోట పెట్టు. రెండూ కావాలన్నవాడు డెబ్భై అయిదేళ్లొచ్చినా బుద్ధి రాలేదనిపించుకుంటాడు.

కనుక రిటర్ను తప్పదు. వేశాక ముప్ఫై రోజుల్లో ధ్రువీకరించాలి. ఆధార్ ఓటీపీ కొడుకు నంబరుకు వెళ్తుంది. కొడుకు డల్లాస్‌లో నిద్రపోతుంటాడు. ఓటీపీ ఆయుర్దాయం పావుగంట.

పెన్షన్ భిక్ష కాదు, ఉద్యోగి హక్కు అని సుప్రీంకోర్టు నకారా కేసులో 1982 డిసెంబరు 17న తేల్చింది. ఏటా ఆ రోజున పెన్షనర్ల సంఘాలు దండలేసి సభలు జరుపుకుంటాయి. ఆదాయపు పన్ను శాఖకు ఈ విషయంలో ఏనాడూ పేచీ లేదు. భిక్ష అయితే పన్ను వేయడం మొహమాటం. జీతం అనుకుంటే ఏ మొహమాటమూ ఉండదు. అందుకే పెన్షన్ జీతం పద్దులోనే ఉంటుంది. అయితే 2018లో జీతగాళ్లకు స్టాండర్డ్ డిడక్షన్ తిరిగి ఇచ్చినప్పుడు అది పెన్షనర్లకు వర్తిస్తుందా లేదా అన్న సందేహం పుట్టి, వర్తిస్తుందని పన్నుల బోర్డు విడిగా ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది. పన్ను కట్టేటప్పుడు మనం జీతగాళ్లమేనా అన్న సందేహం మాత్రం ఎవరికీ కలగలేదు.

ఈ జీతం హోదా మనిషి ఊపిరి ఉన్నంత వరకే. ఆయన పోయాక అదే ట్రెజరీ నుంచి, అదే ఖాతాలోకి ఆవిడకు ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది. అది జీతం కాదట, "ఇతర ఆదాయం" అట. ఆయనకు కొత్త పద్ధతిలో డెబ్భై అయిదు వేలు తగ్గించేవారు. ఆవిడకు మూడో వంతో, పాతిక వేలో, ఏది తక్కువైతే అది. 2024కు ముందు పదిహేను వేలే, ఇప్పుడు పెంచారు కదా అని సంతోషించమంటారు. నలభై ఏళ్లు క్యారేజీ కట్టి, యూనిఫారం ఉతికి, బదిలీ అయినప్పుడల్లా సామాన్లు సర్దిన మనిషి ఆదాయం, పన్ను శాఖ దృష్టిలో బ్యాంకు వడ్డీతో పాటు ఒకే గంపలో పడుతుంది. వ్యంగ్యం రాసి బతికేవాణ్ణి. ఈ ఒక్క నిబంధన దగ్గర మాత్రం నాకు నవ్వు రాదు.

ఎరియర్ల సంగతికొద్దాం. కరవు భృతి బకాయిలు ఏళ్లకేళ్లు పేరుకుపోవడం రెండు తెలుగు రాష్ట్రాల పెన్షనర్లకు కొత్త కాదు. అవి వచ్చేనాటికి ఒక్కసారిగా వస్తాయి, వచ్చిన ఏడాదే మొత్తం ఆదాయంగా లెక్కకెక్కి పన్ను పెరుగుతుంది. దానికి విరుగుడుంది: ఏ ఏడాది బకాయిని ఆ ఏడాదికి పంచి చూపిస్తే ఊరట ఇస్తారు. పాత చట్టంలో అందుకు 10ఇ అనే ఫారం, అదీ రిటర్నుకన్నా ముందే ఆన్‌లైన్‌లో నింపాలి. ఆలస్యం చేసింది ప్రభుత్వం. ఆలస్యమైందని ఏడాదివారీ పట్టిక వేసి రుజువు చేయాల్సింది పెన్షనరు. ఫారం మరిచిపోతే ఆలస్యం జరగనట్టే లెక్క.

మా వీధి చివర ఇంజినీరు గారి కథ వేరు. ఆయనకు ఎరియర్ల బాధ లేదు, లెక్క బాగా వచ్చన్న బాధే ఉంది. నెలకు తొంభై అయిదు వేల పెన్షన్, ఏడాదికి రూ.11.40 లక్షలు. డెబ్భై అయిదు వేలు తీసేస్తే 10.65. ఎఫ్‌డీల వడ్డీ 1.35 లక్షలు కలిపితే సరిగ్గా పన్నెండు లక్షలు. పన్ను సున్నా. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, వంతెన కట్టినప్పుడు కూడా ఇంత కచ్చితంగా కొలత కుదరలేదని మురిసిపోయారు. అంతలో ఫిబ్రవరిలో పేపర్లో వార్త: కరవు భృతి (డీఆర్) పెంపు యోచన. వస్తే ఆ ఏడాదికి మరో పది వేలు. అంటే ఆదాయం రూ.12.10 లక్షలు, గీత దాటింది. మామూలు లెక్కన రూ.61,500 పన్ను. అయితే చట్టానికీ జాలి ఉంది. గీత దాటిన మేరకే పన్ను తీసుకుంటుంది, అంటే పది వేలే. దాని మీద నాలుగు శాతం సెస్సు, నాలుగు వందలు. పదివేలు వస్తే పదివేల నాలుగు వందలు కట్టాలి. పెంచినందుకు చేతి చమురు నాలుగు వందలు.

ఇంజినీరు గారు మర్నాడే ట్రెజరీకి వెళ్లారు. కౌంటరు దగ్గర కుర్రాడితో గొంతు తగ్గించి, "బాబూ, ఆ డీఆర్ జీవో ఏదో ఏప్రిల్ దాకా రాకుండా చూడగలరా? పుణ్యముంటుంది" అన్నారు.

ఆ కుర్రాడు కంప్యూటర్లోంచి తలెత్తకుండానే, "జీవో మా చేతిలో ఉండదు సార్" అన్నాడు. "అయినా దానికోసం మీరింత దూరం రావాలా? అడక్కపోయినా ఆగేదేగా!"