కొయ్య వంచి కట్ట వేసి

మలేషియా రైల్వే వాళ్లకి తైపింగ్ దగ్గర బుకిట్ బెరాపిట్ కొండ పెద్ద తలనొప్పి. పాత లైను ఆ కొండ చుట్టూ మెలికలు తిరుగుతూ ఆయాసపడుతూ ఎక్కేది. ఆ మెలికలు భరించలేక, కొండ కడుపులోంచి 3.3 కిలోమీటర్ల జంట సొరంగం తవ్వి, దారి తిన్నగా చేసుకున్నారు. ఇప్పుడు కరెంటు రైలు అందులోంచి రయ్యిన పోతుంది. వాళ్లు వద్దని వదిలేసిన వంపుల్ని నేను మా మేడమీద గదిలోకి తెచ్చుకుంటున్నాను, అదీ సొంత ఖర్చుతో.

నాకు మాత్రం వంపుల మీద మోజా? చోటు లేక. బొమ్మ రైళ్ల లోకంలో బాగా చెల్లే కొలత 1:87. ఆ లెక్కన 3.3 కిలోమీటర్ల సొరంగం 38 మీటర్లవుతుంది. మాది కౌలాలంపూర్ శివారులో 20 అడుగుల వెడల్పు టెర్రస్ ఇల్లు, వరుసంతా గోడకి గోడ. సొరంగాన్ని తిన్నగా పోనివ్వాలంటే ఆరిళ్ల గోడలకి కన్నాలు పెట్టాలి. మూడో ఇంటి చైనా ఆంటీ ఒప్పుకున్నా, ఆవిడ పూజగది ఒప్పుకోదు. కాబట్టి నా రైలు గోడ తగలగానే బుద్ధిగా వెనక్కి తిరగాలి. ఆ తిరగడం దగ్గరే నా శని, ఆదివారాలన్నీ పోతున్నాయి.

పట్టాల కింద ఉండేది కట్ట. నిజం రైలుకి మట్టీ కంకరా, బొమ్మ రైలుకి కొయ్య. తిన్నటి కట్ట ఎవరైనా వేస్తారు. ఓ బద్ద కోసి నాలుగు మేకులు కొడితే సరి. కానీ చెట్టు నిటారుగా పెరిగింది. నూరేళ్ల అలవాటుని నా కోసం ఒక్క సాయంత్రంలో మానుకోమంటే మానుకుంటుందా?

ఇందుకు పెద్దలు చెప్పిన మార్గాలున్నాయి. ప్లైవుడ్ పలక మీద వంపు గీసి, గీత వెంట రంపంతో కోసేయడం ఒకటి. దీంతో వంపు వస్తుంది గానీ, పలకలో ముప్పాతిక చెత్తబుట్టకి పోతుంది. ఆ చెత్త ధర నాకు తెలుసు, మా ఆవిడకి తెలియదు, తెలియనివ్వను. రెండోది, లావుపాటి బద్దకి ఒక పక్క వరసగా గాట్లు పెట్టి వంచడం. అది గాటు దగ్గర వంగి, గాటుకీ గాటుకీ మధ్య భీష్మించుకుని తిన్నగా ఉంటుంది. గుండ్రం అడిగితే పలకల రూపాయి బిళ్ల చేతిలో పెడుతుంది. రైలు ప్రతి మూల దగ్గరా తల ఎగరేసి గానీ కదలదు.

మూడోదే నాకు నచ్చింది. 6 మిల్లీమీటర్ల మందంలో ఆరు సన్నటి బద్దలు కోయించి, నిలువుగా పక్కపక్కన చేర్చి, జిగురు పూసి, ఒక్కొక్కటే వంచుకుంటూ పోవడం. ఒక్క బద్ద వంగుతుంది, ఆరూ కలిసి జిగురు ఆరాక ఇక విప్పుకోలేవు. ఉమ్మడి కుటుంబం పద్ధతి.

కొయ్య కొనడానికి వెళితే కొట్టు తౌకే ముందు రబ్బరు చెక్క చూపించాడు. ఈ దేశానికి రబ్బరు మొక్క వచ్చింది 1877లో. అప్పుడు కౌలా కంగ్సార్‌లో నాటిన వాటిలో ఒక చెట్టు ఇంకా ఉంది, బెరాపిట్ కొండకి ఆ ఊరు దగ్గరే. మనవాళ్ల తాతలు, ముత్తాతలు ఎందరో ఆ చెట్ల పాలు తీసి బతికారు. పాలు ఉడిగిన చెట్టు ఇప్పుడు బల్లలూ కుర్చీలూ అయి దేశాలు తిరుగుతోంది. గౌరవం ఉంది గానీ బరువెక్కువ. చివరికి జెలుటాంగ్ తీసుకున్నాను. తేలిక, పోగు తిన్నగా ఉంటుంది, రంపానికి ఎదురు చెప్పదు. ఒకప్పుడు దీని పాలతో చూయింగ్ గమ్ చేసేవారు. సాగే గుణం కొంత కొయ్యలోనూ మిగిలి ఉంటే బాగుండేది.

బల్ల మీద 60 సెంటీమీటర్ల వ్యాసార్థంతో అర్ధవృత్తం గీసి, గీత వెంట మేకులు కొట్టి, బద్దలు వంచడం మొదలుపెట్టాను. లోపలి బద్ద చాలింది. బయటిది చాలలేదు. ఆరు బద్దల కట్ట వెడల్పు 36 మిల్లీమీటర్లు. అర్ధవృత్తంలో లోపలి అంచుకీ బయటి అంచుకీ తేడా 11 సెంటీమీటర్ల పైనే. వంపు పెద్దదైనా చిన్నదైనా ఈ తేడా మారదు. ఇంత సొగసైన లెక్క చదువుకునే రోజుల్లో ఎవరూ చెప్పలేదు, నేను అడగనూ లేదు.

ఇక జిగురు. ఆరడానికి అరగంట చాలని సీసా మీద రాసి ఉంది. ఆ అరగంట ఏ దేశానిదో! ఇక్కడ మధ్యాహ్నం నాలుగయ్యేసరికి ఉరుములతో వాన, ఆ తర్వాత గాలిలో పిండుకోవచ్చు నీళ్లు. ఆరేదాకా బద్దల్ని ఒత్తి పట్టాలంటే బెత్తెడుకొక క్లాంపు కావాలి. అన్ని క్లాంపులు కొంటే ఇంజను కొనలేను. అందుచేత బాల్కనీ తీగ మీదున్న బట్టల క్లిప్పులన్నీ తెచ్చాను.

ఆ వానలోనే మా ఆవిడ పైకొచ్చింది. "ఏవండీ, మీ చొక్కాలు పక్కింటి వాళ్ల కారు మీదున్నాయి. క్లిప్పులేవీ?" అంది. నేను కట్ట చూపించాను. వంపంతా ముళ్లపందిలా ఉంది. ఆవిడ ఇంకేమీ అనలేదు. కిందకెళ్లి గొడుగేసుకుంది.

మా వీధి చివర ఒక తాతగారున్నారు. బాగన్ దాతుక్ కొబ్బరి తోటల్లో పుట్టారు, వాళ్ల తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చాడట. ఈయన రైల్వేలో కట్ట పని చేసి మండోరుగా, అంటే కూలీల మేస్త్రీగా, రిటైరయ్యారు. నా కట్ట చూడ్డానికి వచ్చి, చెప్పులు విడిచి, ఒక కన్ను మూసి, వంపు వెంట చూపు పోనిచ్చారు.

"వంపు ఎంత బాబూ?"

"60 సెంటీమీటర్లండి. నిజం కొలతలో 52 మీటర్లు."

"52 మీటర్లా? అంత మెలిక మా ఇనస్పెట్రు చూస్తే ఏటనీవోడో తెల్సా? సర్లే, బయటి పట్టా ఎత్తేవా?"

ఎత్తలేదు. వంపులో రైలు బయటికి తూలకుండా బయటి పట్టా కాస్త ఎత్తుగా ఉండాలి. ఆయన జేబులోంచి పాత బస్సు టిక్కెట్టు తీసి, మడిచి, బయటి అంచు కింద దూర్చారు. పన్నెండు మిల్లీమీటర్ల ఎడమున్న పట్టాలకి అంతెత్తు చాలట. తర్వాత పెట్టె ఒకటి వేలితో తోశారు. తిన్నటి చోటు నుంచి వంపులోకి అది జారినట్టు వెళ్లింది. సన్నటి బద్ద తనంతట తాను వంగితే మొదట్లో మెల్లగా, పోనుపోను గట్టిగా వంగుతుంది. నిజం రైల్వేలో ఇంజనీర్లు లెక్కలు కట్టి తెచ్చేదాన్ని కొయ్య ఊరికే ఇచ్చేసింది.

"మా కాలంలో చెంగల్ కర్ర స్లీపర్లు. బరమా పెట్టకపోతే మేకు దిగీది కాదు. ఇదేటి, గోరు దిగిపోతంది," అని జెలుటాంగ్‌ని చిన్నచూపు చూసి, "రెండో వంపు ఎప్పుడు?" అన్నారు.

వచ్చే శనివారమే వేద్దునండీ, కానీ క్లిప్పుల్లో సగం జిగురుకి కట్టకే అతుక్కుపోయాయి, కొత్తవి మా ఆవిడ బీరువాలో పెట్టి తాళం వేసిందన్నాను.

తాతగారు మెట్ల వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించారు. "మా ఇంట్లో రెండు డజన్లున్నాయి, నాను తెస్తాను. మా కోడలికి మాత్రం చెప్పకు."