గడువు తీరిన ముసాయిదాను నేను

నేనొక ఇంటర్నెట్ ముసాయిదాను. 2012లో పుట్టాను. డ్రాఫ్ట్-టారో-హెచ్‌టీటీపీబిస్-నెట్‌వర్క్-ఫ్రెండ్లీ-00 నా ఫైలు పేరు. టారో అన్నది నన్ను రాసినవాళ్లలో మొదటాయన ఇంటిపేరు, చివరి సున్నాలు కూర్పు సంఖ్య. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఐఈటీఎఫ్‌లో ఇలా ఎవరైనా తమ పేరుతో ముసాయిదా పెట్టొచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. కార్యబృందం స్వీకరించాకే పేరులో రచయిత స్థానంలోకి ఐఈటీఎఫ్ వస్తుంది. ఆరు నెలలకు మించి చెల్లనని నా మొదటి పేజీలోనే ఉంటుంది. పోటీ ప్రతిపాదనలను ముందే కలిపేయకుండా, దేనికది పూర్తిగా రాయించి, ఆ తర్వాతే ఎంచుకోవడం సరైన పద్ధతని ఓడిపోయిన నేనే వాదిస్తున్నాను.

వెబ్ పేజీలను మోసే హెచ్‌టీటీపీకి కొత్త రూపం కావాలనుకున్నప్పుడు బృందం ప్రతిపాదనలు పిలిచింది. గూగుల్ ఇంజినీర్ల స్పీడీ, మైక్రోసాఫ్ట్ వాళ్ల స్పీడ్ ప్లస్ మొబిలిటీ, వాటితోపాటు నేనూ వచ్చాం. నన్ను రాసినవాళ్లు హెచ్‌ఏప్రాక్సీ, స్క్విడ్, వార్నిష్ లాంటి ప్రాక్సీ సాఫ్ట్‌వేర్ల వాళ్లు. పేజీ ఎంత త్వరగా తెరుచుకుందన్నది బ్రౌజర్ వాళ్ల లెక్క. దారి మధ్యలో ఉండే ప్రాక్సీకి వచ్చిపోయే ప్రతి అభ్యర్థన హెడర్లనూ విప్పి చదివే ఖర్చు ముఖ్యం. ఒక్క పేజీ కోసం బ్రౌజర్ పదుల అభ్యర్థనలు పంపుతుంది, ప్రతిదాని హెడర్లలోనూ అదే సైటు పేరు, అదే బ్రౌజర్ వివరం. వాటిని జిప్ పద్ధతిలో కుదించమంది స్పీడీ. ఉమ్మడివి ఒక్కసారే పంపి, బైనరీలో రాయమన్నాను నేను. అన్నీ మొదట్లోనే ఒకే కుండలో పోసి ఉంటే ఏది ఉడికిందో ఏది ఉడకలేదో తేలేదే కాదు.

స్పీడీ అప్పటికే క్రోమ్‌లో నడుస్తోంది, ఇక పోటీ పేరుకే కదా అని అడగొచ్చు. 2012 నవంబరులో కొత్త ప్రమాణానికి దాన్నే తొలి కూర్పుగా తీసుకున్న మాట నిజమే. నడుస్తున్న కోడ్‌కు ఐఈటీఎఫ్‌లో బరువెక్కువ, ఉండాలి కూడా. అయితే తొలి కూర్పు ప్రమాణమైపోదు. ఆ ఏడాదే క్రైమ్ అనే దాడి, కుదించిన హెడర్ల పొడవును బట్టి కుకీలోని రహస్యాన్ని ఊహించవచ్చని చూపింది. జిప్ పోయి, హెడర్లను కుదించడానికి హెచ్‌ప్యాక్ అనే పద్ధతి వచ్చింది. అది నా సంతానమని చెప్పుకోను. కానీ జిప్ ఒక్కటే దారి కాదన్న సంగతి అప్పటికే నా పేజీల్లో రాసి ఉంది. 2015 మేలో కొత్త హెచ్‌టీటీపీ ప్రమాణంగా వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 7540 కృతజ్ఞతల్లో, పాత హెచ్‌టీటీపీ కనెక్షన్‌ను కొత్తదానికి మార్చే అప్‌గ్రేడ్ పద్ధతికి రెండు పేర్లున్నాయి: గాబ్రియెల్ మాంటెనెగ్రో, విల్లీ టారో. ఒకరు మైక్రోసాఫ్ట్ ముసాయిదా రచయిత, ఇంకొకరు నా రచయిత. ఓడినవాళ్లను బయటికి పంపలేదు, గెలిచినదాన్ని వాళ్లచేతా రాయించారు.

మూడు ముసాయిదాలకు మూడింతల శ్రమ అన్నది ఇంతకంటే బరువైన అభ్యంతరం. జీతమిచ్చి రాయించే పెద్ద కంపెనీలకే ఇది సులువు, దాన్ని కాదనలేను. అయినా వేర్వేరు సాఫ్ట్‌వేర్ల వాళ్లు ఒకచోట చేరి నన్ను రాయగలిగారంటే చిన్నవాళ్లకూ దారి ఉన్నట్టే. నోటిమాటగా చెప్పిన ఆలోచనలో కనపడని లొసుగు, ప్రతి బైటూ ఎక్కడుండాలో రాయాల్సి వచ్చినప్పుడు బయటపడుతుంది. గడువు వల్ల ఓడినవి ప్రమాణాల్లా చలామణీ కావు, రేపు చదవాలనుకునేవాళ్లకు మాత్రం భద్రంగా దొరుకుతాయి. గెలిచినవాటికీ పరీక్ష తప్పదు: అప్‌గ్రేడ్ పద్ధతికి పెద్దగా వాడకం లేదని 2022లో ఆ ప్రమాణపు కొత్త రూపమైన ఆర్‌ఎఫ్‌సీ 9113 దాన్ని పక్కన పెట్టింది. అదీ సబబే. స్పీడీ జిప్‌ను పరీక్షకు నిలబెట్టినవాళ్లు నావాళ్ల చేయి పడిన భాగాన్ని మినహాయిస్తే నేను ఒప్పుకోను.