నిలకడ

మా అక్క కూతురికి పెండ్లిచూపులు. అక్కావాళ్ళది జమ్మలమడుగు. మేనమామను కాబట్టి పులివెందుల నుంచి నేను పొద్దున్నే దిగినా. అబ్బాయిది ప్రొద్దుటూరు, వాళ్ళ నాయనకు అక్కడ బంగారు అంగడి. అబ్బాయి మాత్రం బెంగళూరులో లేజర్ల మీద పీహెచ్‌డీ. ముప్పై తులాలని మధ్యవర్తి ముందే ఖాయం చేసినాడు. ఇక ఒకరినొకరు చూసుకోవడమే మిగిలింది.

కాఫీలైనాక, "ఏం పని నాయనా నువ్వు చేసేది?" అని నేనే కదిలించినా. అంతవరకూ తల దించుకోని ఉన్న పిల్లోడు నిటారుగా కూర్చున్నాడు.

"డయోడ్ లేజర్‌ను కదలకుండా నిలబెట్టడం సార్. పాత సీడీ ప్లేయర్లలో ఉండేదే, 780 నానోమీటర్లది. దాని కాంతి సెకనుకు 384 లక్షల కోట్ల సార్లు ఊగుతుంది. డయోడ్ ఒక్క డిగ్రీ వేడెక్కితే అందులో దాదాపు మూడు వేల కోట్లు జారిపోతాయి. మేం పట్టుకోవాల్సిన గీత వెడల్పేమో 60 లక్షలే."

కోట్లు వినబడేసరికి వాళ్ళ నాయన కూడా ఇటు తిరిగినాడు.

"మరి ఎట్ల నిలబెడతావు?"

"రుబీడియం ఆవిరి ఉన్న గాజు గొట్టంలోకి ఎదురెదురుగా రెండు కిరణాలు పంపుతాం. పరుగెత్తే పరమాణువుల గందరగోళంలోంచి సన్నని గీత ఒకటి బయటపడుతుంది. లేజర్ ఆ గీత నుంచి ఎంత తప్పిందో చూసి సర్క్యూటే వెనక్కి లాగుతుంది. లాక్ చేయడమంటాం. రుబీడియం ప్రొద్దుటూరులోనైనా పారిస్‌లోనైనా ఒకటే కదా."

"మా గీటురాయి మాదిరి," అన్నాడు వాళ్ళ నాయన. బాగా చెప్పినాడనిపించింది.

అబ్బాయికి ఊపొచ్చింది. 2013లో పంపిన మన మొదటి నావిగేషన్ ఉపగ్రహంలో బయటి దేశపు రుబీడియం గడియారాలు మూడూ మొరాయించినాయనీ, 2023 మేలో శ్రీహరికోట నుంచి పోయిన ఎన్‌వీఎస్-01లో మనవాళ్ళు చేసిన గడియారం పెట్టినారనీ చెప్పుకుంటా పోయినాడు. వాటిల్లో లేజర్ ఉండదు గానీ ఆధారం ఆ పరమాణువేనంట.

మా పాప కూడా ఎమ్మెస్సీ ఫిజిక్సే. తలుపు దగ్గర్నుంచే అడిగింది: "లాక్ అయినాక ఇంక ఊడదా?"

"ఊడుతుందండీ. బల్ల తగిలినా, తలుపు దభీమని వేసినా. పక్కన ఎవరన్నా గట్టిగా మాట్లాడినా చాలు, లోపలి గ్రేటింగ్ అదిరి లాక్ పోతుంది."

"తనంతట తను మళ్ళా వస్తుందా?"

"చాలాసార్లు రాదు. ఎవరో ఒకరు కూర్చోని మళ్ళా పట్టుకోవాల."

ఇద్దరూ నవ్వినారు. సగం పెండ్లి అయిపోయిందనుకున్నా. మిద్దె మీద కాసేపు మాట్లాడుకోని వచ్చినాక పాప మొహం వెలిగిపోతాంది. అబ్బాయి ఏమన్నాడో మెల్లగా నా చెవిలో వేసింది: "నాకు తులం కూడా వద్దు, నాయనకు నేను చెప్తా అన్నాడు మామా."

అప్పుడే వాళ్ళ నాయన గొంతు సవరించుకున్నాడు.

"బంగారం రేటు చూస్తానే ఉండారు గదా. ముప్పై అనుకున్న రోజులు వేరు. యాభై చేయండి."

రేటు పెరిగితే తులాలు తగ్గాల గానీ పెరిగేదేందో, ఆ లెక్క ఆయనకే తెలియాల.

"మాట అయిపోయింది గదన్నా," అన్నాడు మా బావ.

"మాట ఇచ్చింది మధ్యవర్తి, నేను కాదు!" ఆయన గొంతుకు పక్కింటోళ్ళు కిటికీలోకి వచ్చినారు.

అందరం అబ్బాయి వైపు చూసినాం. అబ్బాయి చొక్కా గుండీ చూసుకున్నాడు. "నాయన చెప్పినాక ఇంక..." అని గొణిగినాడు.

వాళ్ళ కారు సందు మలుపు తిరిగినాక మా అక్క కూతురి దగ్గరికి పోయింది. "ఇంకో ఇరవై ఎట్లనో సర్దుదాం లేమ్మా. అబ్బాయి మంచోడుగా ఉండాడు."

"మంచోడేమ్మా," అంది మా పాప, కాఫీ గ్లాసులు తీస్తా. "గదిలో ఎవరూ గట్టిగా మాట్లాడకుంటే."