టెల్‌స్టార్ వెంట

నా బరువు 340 టన్నులు, పొడవు 54 మీటర్లు. ఇంత ఒళ్లున్న నేను పుట్టింది మీటరు వెడల్పు కూడా లేని ఓ బంతి కోసం. అదో ఉపగ్రహం, పేరు టెల్‌స్టార్, బరువు 77 కిలోలు. ఫ్రాన్సులో బ్రిటనీ తీరాన ప్లూమర్-బొదూ అనే ఊరి పక్కన 1961 అక్టోబరులో నా పని మొదలుపెట్టి, మరుసటి వేసవికల్లా నిలబెట్టారు. అట్లాంటిక్‌కు అవతల అమెరికాలోని ఆండోవర్‌లో మా అక్క ఉండేది. ఇద్దరిదీ ఒకే పోలిక. పడుకోబెట్టిన పెద్ద కొమ్ముబూరలా ఉంటాం. హార్న్ యాంటెనాలంటారు మమ్మల్ని.

1962 జూలై 10న టెల్‌స్టార్ కేప్ కెనావెరల్ నుంచి పైకెగిరింది. ఆ రాత్రి పన్నెండు దాటి నలభై ఏడు నిమిషాలకు, ఆండోవర్‌లో రెపరెపలాడుతున్న అమెరికా జెండా దాని మీదుగా వచ్చి మా దగ్గర టీవీ తెర మీద కదిలింది. చూసినవాళ్లు జెండా గురించి చెప్పుకుంటారు. ఆ బొమ్మ తెర మీద నిలవాలంటే నేనెలా తిరగాల్సి వచ్చిందో చెప్పాలని నాకుంటుంది.

టెల్‌స్టార్ ఒకచోట నిలిచేది కాదు. ఒకప్పుడు 950 కిలోమీటర్ల ఎత్తున, మరొకప్పుడు 5,600 కిలోమీటర్ల ఎత్తున ఉంటూ, రెండున్నర గంటలు దాటగానే భూమిని ఒక చుట్టు చుట్టేసేది. రెండు తీరాలకూ ఒకేసారి కనబడేది ఇరవై నిమిషాలు. యాంటెనా ఎంత పెద్దదైతే దాని చూపు అంత సన్నబడుతుంది. మీ డాబా మీది డీటీహెచ్ డిష్ చూపు మూడు డిగ్రీల దాకా పరుచుకుంటుంది కాబట్టి నట్లు బిగించి వదిలేసినా ఏళ్ల తరబడి పనిచేస్తుంది. నా చూపు డిగ్రీలో పావు వంతు కూడా ఉండదు, అంటే నిండు చందమామలో సగం కన్నా తక్కువ. ఉపగ్రహం పంపే శక్తి చూస్తే రెండు వాట్ల పైచిలుకు. నా దాకా వచ్చేసరికి అందులో మిగిలేది వాట్టులో లక్ష కోట్ల వంతుల్లో ఒకటో రెండో. దాన్ని పెంచడానికి ద్రవ హీలియంలో చల్లబరిచిన మేసర్ అనే పరికరాన్ని నా దగ్గర పెట్టారు. గురి ఇసుమంత తప్పినా ఆ కాస్తా పోతుంది.

మరి ఇంత సన్నని చూపుతో ఆకాశంలో ఎక్కడని వెతకడం? కక్ష్య లెక్కలు కట్టి, ఏ క్షణాన ఏ దిక్కున ఎంత ఎత్తులో వస్తుందో ముందే చెబుతారు. లెక్క దగ్గరి దాకా తీసుకొస్తుంది. అక్కకైతే మరో ఇద్దరి సాయం ఉండేది. విశాలమైన చూపున్న ఓ యాంటెనా 136 మెగాహెర్ట్జ్ సంకేతాన్ని విని ఉపగ్రహం ఏ వైపుందో పోల్చుకునేది. తర్వాత రెండు డిగ్రీల చూపున్న చిన్న డిష్ 4080 మెగాహెర్ట్జ్ సంకేతాన్ని పట్టుకుని, కచ్చితమైన దిక్కు చూపించేది. అప్పుడు అక్క అందుకునేది.

అందుకున్నాక వదలకుండా వెంట తిరగడం ఉంది చూశారూ, నాకు గర్వంగా అనిపించేది అదే. కొమ్ము సన్నబడే చోట ఓ గుండ్రటి గొట్టం ఉంటుంది. ఉపగ్రహం సరిగ్గా ఎదురుగా ఉంటే వచ్చిన తరంగం ఆ గొట్టంలో ఒకే తీరున ప్రయాణిస్తుంది. వెంట్రుకవాసి పక్కకు జరిగిందా, రెండో తీరు తరంగం కూడా తలెత్తుతుంది. ఎంత జరిగితే అంత బలంగా. మొదటిదానితో పోల్చినప్పుడు దాని హెచ్చుతగ్గులు ఎంత ముందో వెనకో ఉన్నాయన్నదాన్ని బట్టి గురి ఏ వైపు తప్పిందో తెలుస్తుంది. ఆ తేడాను మోటార్లకు అందిస్తే అవి నన్ను తిప్పుతాయి. రెండో తరంగం మాయమయ్యే దాకా తిరుగుతాను. ఈలోగా ఉపగ్రహం మళ్లీ జరుగుతుంది, నేనూ మళ్లీ జరుగుతాను. ఎంత తప్పానో, ఎటు తిరగాలో నాకు చెప్పేది ఆ సంకేతమే.

కష్టం ఉపగ్రహం నడినెత్తికి వచ్చినప్పుడు. మాలాంటి కట్టడాలు చుట్టూ తిరుగుతూ, ఎత్తు మార్చుకుంటూ వెంబడిస్తాయి. అది నెత్తిమీదుగా దాటే ఆ కాసేపట్లో పడమటి నుంచి తూర్పుకు గిర్రున తిరగాలి. ఇంత బరువుతో అది తేలిక కాదు.

గాలికి ఊగితే గురి చెడుతుందని, గాలి ఊది నిలబెట్టిన 64 మీటర్ల వెడల్పు డాక్రాన్ గుమ్మటంలో నన్ను దాచారు. బ్రిటనీలో వానలు జాస్తి. గుమ్మటం మీద సన్నటి నీటిపొర పడితే చాలు, నాకు రొద పెరిగేది.

టెల్‌స్టార్ ఎక్కువ కాలం బతకలేదు. అది ఎగరడానికి ఒక రోజు ముందే, జూలై 9న, అమెరికా అంతరిక్షంలో అణుపరీక్ష జరిపింది. అక్కడ పేరుకున్న రేడియేషన్ దాని ట్రాన్సిస్టర్లను తినేసింది. 1963 ఫిబ్రవరిలో మూగబోయింది. పసిదాన్ని పోగొట్టుకున్నంత బాధ నాకు.

1965లో ఎర్లీ బర్డ్ అనే ఉపగ్రహం వచ్చింది. 35,786 కిలోమీటర్ల ఎత్తున, భూమితో సమానంగా తిరుగుతూ ఒకేచోట ఉన్నట్టు కనిపించేది. అలాంటి ఉపగ్రహాలూ రవ్వంత అటూ ఇటూ కదులుతూనే ఉంటాయి. అందుకే నా తర్వాతి డిష్‌లలో చాలావాటికి మరో పద్ధతి నేర్పారు. కాస్త ఒక వైపు జరిగి చూస్తాయి. బలం పెరిగితే అటే సాగుతాయి, తగ్గితే వెనక్కొస్తాయి.

1985లో నాకు విశ్రాంతినిచ్చారు. ఇప్పుడు కింది కక్ష్యల్లోకి వేల ఉపగ్రహాలు మళ్లీ వచ్చాయి, కొద్ది నిమిషాల్లోనే దాటిపోతున్నాయి. వాటిని వెంబడించే కొత్త యాంటెనాలు ఇంటికప్పు మీద పట్టేంత పలకలు. లోపల వందలాది చిన్న యాంటెనాలు తమ తరంగాలను ఒకదానికొకటి కాస్త వెనకా ముందూ చేసుకుంటాయి. పలక అంగుళమైనా కదలదు, చూపు మాత్రం ఆకాశంలో ఒక వైపు నుంచి మరో వైపుకు వెళ్తుంది.