వరుసగా మూడోసారీ మనమే ఫస్ట్

ఒలింపిక్స్ పతకాల పట్టికలో మన దేశం పేరు కనపడాలంటే వేలు కిందికి, ఇంకా కిందికి జరుపుకుంటూ పోవాలి. పారిస్‌లో మనది 71వ స్థానం. అంత శ్రమ లేకుండా మొదటి వరుసలోనే భారత్ అని కనిపించే పట్టిక కూడా ఒకటుంది. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ, అదే వాడా, ఏటా అచ్చేసేది. 2022లో మనమే, 2023లో మనమే, 2024లోనూ మనమే. ఆ చివరి ఏడు 7,113 నమూనాలు పరీక్షిస్తే 260 నమూనాల్లో నిషిద్ధ మందులు బయటపడ్డాయి. మన వెనకున్న ఫ్రాన్స్‌కు దొరికినవి 91. ధ్యాన్‌చంద్ హాకీ ఆడిన రోజుల తర్వాత ప్రపంచం మీద ఇంత తేడాతో గెలవడం మనకు ఇదే కాబోలు.

ఇంత గెలిచీ మన అధికారుల వినయం చూడండి. దండ వేయబోతే మెడ వెనక్కి తీసుకుంటున్నారు. మందులు పెరిగాయని ఎవరన్నారండీ, మేం పరీక్షలు పెంచాం, అందుకే ఎక్కువమంది దొరుకుతున్నారు, ఇది మా పనితనానికి గుర్తు అని సెలవిస్తున్నారు. ఊళ్లో జ్వరాలు పెరగలేదు, థర్మామీటర్లు పెరిగాయంతే అన్నమాట.

సరే, థర్మామీటర్లే లెక్కపెడదాం. అదే 2024లో జర్మనీ 15 వేలకు పైగా నమూనాలు పరీక్షించింది. మనకంటే రెట్టింపు దాటింది. పట్టుబడ్డవి 54. చైనా 24 వేలు దాటించింది, దొరికినవి 43. (చైనా లెక్కను మరీ కళ్లకద్దుకోనక్కర్లేదు. 2021లో 23 మంది ఈతగాళ్లకు గుండెజబ్బు మందు పాజిటివ్ వస్తే, అది హోటల్ వంటగదిలోంచి వచ్చి పడిందని తేల్చి, వాళ్లలో కొందర్ని టోక్యో ఒలింపిక్స్‌కు కూడా పంపిన దేశం అది.) పోనీ చైనాను వదిలేయండి, జర్మనీ చాలు. ఎక్కువ పరీక్షిస్తే ఎక్కువ దొరకడమే ప్రకృతి ధర్మమైతే జర్మన్లు మనకు రెట్టింపు దొరకాలి. నూటికి 3.6 చొప్పున దొరికింది మనకే. 5 వేలకు పైగా పరీక్షలు చేసిన దేశాల్లో ఇంత రేటు ఇంకెవరికీ లేదు. శాతాలు ఏడో తరగతి లెక్కల పుస్తకంలోనే ఉంటాయి, అధికారుల దాకా ఇంకా చేరలేదేమో.

నిజానికి ఈ 3.6 కూడా తక్కువ చూపించే అంకే. ఎందుకో తెలియాలంటే 2023 సెప్టెంబరు 26న ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియానికి వెళ్లాలి. ఢిల్లీ రాష్ట్ర అథ్లెటిక్స్ పోటీల చివరి రోజు. పురుషుల 100 మీటర్ల ఫైనల్. ఎనిమిది మంది పరుగెత్తాలి. జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ, నాడా, మనుషులు వచ్చారన్న కబురు స్టేడియంలో తిరిగింది. ఫైనల్లో గీత దగ్గర నిలబడ్డది ఒక్కడే. ఆ ఒక్కడూ పరుగెత్తాడు, ఒక్కడూ గెలిచాడు. మిగతా ఏడుగురికీ ఉన్నట్టుండి కండరాలు పట్టేశాయో, ఇంట్లో పనులే పడ్డాయో. ఒకమ్మాయి స్టీపుల్‌చేజ్‌లో గెలిచి, ముగింపు గీత దాటాక కూడా ఆగలేదు. పరుగెత్తుతూనే పోయింది, నమూనా తీసుకోవాల్సిన అధికారి వెనకాల పరుగెత్తారు. ఆ అధికారికి రజతం ఇవ్వకపోవడం అన్యాయం. బాత్‌రూముల్లో వాడి పారేసిన సిరంజిల వీడియో అంతకుముందే బయటికొచ్చింది.

పట్టిక తయారుచేసే వాడాకు ఈ పారిపోయినవాళ్ల లెక్క ఎక్కడ రాయాలో తెలియదు పాపం. ఆ 260 నమూనాలు పరుగులో వెనకబడ్డవాళ్లవన్నమాట.

అసలు రాష్ట్రస్థాయి పోటీలో, ప్రేక్షకులంటే అమ్మానాన్నలూ ఖాళీ కుర్చీలూ తప్ప లేని చోట, సూది ఎందుకు? దీనికి జవాబు ఒలింపిక్స్‌లో దొరకదు, ఉద్యోగ ప్రకటనల్లో దొరుకుతుంది. మన దగ్గర గీత మీద వంగి నిలబడ్డ కుర్రాడికి ఎదురుగా కనిపించేది ఐదు రింగుల జెండా కాదు. రైల్వేలో కొలువు, పోలీసు టోపీ, కాలేజీలో సీటు. క్రీడాకారులకు ప్రభుత్వోద్యోగాల్లో తెలంగాణ 2 శాతం కేటాయించింది, ఆంధ్రప్రదేశ్ దాన్ని 3 శాతానికి పెంచింది. మంచిదే, ఇంకా పెంచినా సంతోషమే. కానీ సర్టిఫికెట్ మీద పతకం రంగు రాస్తారు, అది ఏ సీసాలోంచి వచ్చిందో రాయరు. మూడో స్థానానికి జీవితాంతం జీతం, నాలుగో స్థానానికి బస్సు చార్జీ. ఆ రెంటి మధ్య సెకనులో పదో వంతు. అది తగ్గించే మందు జిమ్ పక్క సందులో అమ్ముతుంటే, లెక్క వేసుకున్న పదిహేడేళ్ల కుర్రాణ్ణి తిట్టడానికి నాకు నోరు రాదు. వాడికి కాలేయం పాడవుతుందని ఎవరూ చెప్పరు. పక్క లైనులో ఉన్న ఆడపిల్లకు గొంతు మగరాయుడిలా మారుతుందనీ, మారిన గొంతు మళ్లీ వెనక్కి రాకపోవచ్చనీ అసలే చెప్పరు. విటమిన్లు అని చెబుతారు.

పట్టుబడ్డాక మాత్రం మన కథా సాహిత్యం వికసిస్తుంది. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో మహిళల 4×400 రిలేలో స్వర్ణం తెచ్చిన నలుగురిలో ముగ్గురు మరుసటి ఏడు స్టెరాయిడ్లతో దొరికారు. తప్పు జిన్‌సెంగ్ వేరుది అన్నారు. ఉక్రెయిన్ కోచ్‌ను సాగనంపారు. మన ప్యానెల్ జాలిపడి ఏడాది నిషేధంతో సరిపెడితే, అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానానికి అంత జాలి లేక రెండేళ్లు చేసింది. 2016లో మల్లయోధుడు నర్సింగ్ యాదవ్ తన తిండిలో ఎవరో కలిపారన్నాడు. నాడా నమ్మి రియోకు పంపింది. కుస్తీ బరిలోకి దిగబోయే ముందు అదే న్యాయస్థానం నమ్మలేదు, నాలుగేళ్లు ఇంటికి పంపింది. క్రికెటర్లది మరీ నాజూకు రోగం. 2019లో పృథ్వీ షాకు దగ్గు మందు వల్ల ఎనిమిది నెలల నిషేధం పడింది, అయితే జులై ఆఖర్లో ప్రకటించిన శిక్ష మార్చి నుంచే మొదలైనట్టు లెక్కేశారు. మధ్యలో అతను ఐపీఎల్ ఆడేశాడు కూడా. శిక్ష అనుభవిస్తున్నట్టు శిక్ష పడ్డవాడికే తెలియనంత సున్నితంగా శిక్షించడం మన క్రికెట్ బోర్డుకే చేతనవును.

ఈ వరసలో నాకు అన్నిటికంటే ఇష్టమైన కథానాయిక మనిషి కాదు, ప్రయోగశాల. నమూనాలు పరీక్షించే మన ఢిల్లీ జాతీయ ల్యాబ్‌ను వాడా పరీక్షించింది. ల్యాబ్ తప్పింది. 2019 ఆగస్టులో గుర్తింపు పోయి, 2021 డిసెంబరులో గానీ తిరిగి రాలేదు. అన్నాళ్లూ మనవాళ్ల మూత్రం విదేశీ ప్రయాణం చేసింది, చాలామంది మన అథ్లెట్లకు దక్కని భాగ్యం.

ఇప్పుడు 2030 కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాద్‌కు వచ్చాయి. 2036 ఒలింపిక్స్ కూడా కావాలంటున్నాం. స్టేడియాలు కట్టేస్తాం, అందులో అనుమానం లేదు, కాంట్రాక్టర్లకు కొరత లేని దేశం. కానీ అక్కడ జరిగే ఫైనల్లో మన లైన్లు ఖాళీగా ఉంటే ఎలాగన్నది ఎవరూ అడగడం లేదు. నాడా ఇచ్చే నిషేధాల జాబితా చూడండి. ఆటగాడి పేరుంటుంది, ఆట పేరుంటుంది, మందు పేరుంటుంది, ఎన్నేళ్లో ఉంటుంది. మందు తెచ్చిన కోచ్, అమ్మిన దుకాణం, డోసు చెప్పిన డాక్టరు ఆ జాబితాలో కనపడటం బహు అరుదు. మందు తనంతట తానే నడిచొచ్చి కుర్రాడి తొడలోకి దిగిందని నమ్మితే తప్ప ఆ జాబితా అర్థం కాదు. పరీక్షలు పెంచామని చెప్పుకునే పెద్దలు పరీక్షించాల్సిన సంచులు ఆటగాళ్లవి మాత్రమే అనుకున్నంత కాలం నాలుగోసారీ మనమే ఫస్ట్ వస్తాం.

ఈ ఏడు పిల్లల్ని జిల్లా పోటీలకు పంపే అమ్మానాన్నలకు ఒక మాట. కోచ్ ఇచ్చిన డబ్బా మీద పేరు చదవండి. పేరు లేకపోయినా, పేరు చింపేసి ఉన్నా, పిల్లవాణ్ణి ఆ సాయంత్రమే ఇంటికి తెచ్చుకోండి. డబ్బా మాత్రం పారేయకండి, కోచ్ పేరు రాసి నాడాకు పంపండి.