బాచుపల్లి అవిసె సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: "అన్నా, మగాళ్లు అవిసె గింజలు తింటే హార్మోన్లు దెబ్బతింటయంట. జర చూస్కోండ్రి."

అవతారిక: బాచుపల్లిలో ఒకానొక అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపున, తెల్లవారి నడక ముగిసిన వేళ ఈ సూత్రం వెలిసింది. కర్త ఎవరో తెలియదు. 'ఫార్వర్డెడ్ మెనీ టైమ్స్' అన్న ముద్ర ఉన్నందున అపౌరుషేయమని పెద్దల మతం.

ప్రతిపదార్థం: అన్నా = పేరు గుర్తులేని ఓ ఫ్లాటు యజమానీ; మగాళ్లు = హైటెక్ సిటీ కుర్చీలో కూర్చుని కూర్చుని, నలభై దాటాక కొలెస్ట్రాల్ రిపోర్టు చేతబట్టినవారు; అవిసె గింజలు = ఎండుమిర్చి, వెల్లుల్లితో ఇంట్లో కొట్టిన కారప్పొడి; అంట = ప్రమాణం; జర చూస్కోండ్రి = నేనైతే చూడలేదు.

వ్యాఖ్య: అవిసెలోని లిగ్నాన్లు ఈస్ట్రోజెన్‌ను పోలినవి గనుక మగతనానికి ముప్పని పూర్వపక్షం. పోలిక ఉన్నా వాటి బలం బహుస్వల్పమని సమాధానం. 2004లో ఒక సమీక్ష అవిసెలో ఉండే ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లానికీ ప్రొస్టేట్ క్యాన్సర్‌కూ లంకె ఉండవచ్చన్న మాట నిజమే. తర్వాతి సమీక్షల్లో అది నిలవలేదు. పైగా 2008లో అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అచ్చువేసిన అధ్యయనం వేరే కథ చెప్పింది. ప్రొస్టేట్ ఆపరేషన్‌కు ఎదురుచూస్తున్న 161 మందిలో కొందరికి రోజుకు 30 గ్రాముల అవిసె పొడి పెడితే, వాళ్ల కణితుల్లో కణాలు పెరిగే వేగం తగ్గి కనబడింది. అది నెల రోజుల ముచ్చట. అంతమాత్రాన అవిసెను మందని చాటడం ఇంకో వాట్సాప్ సూత్రం.

విశేషం: భయపడవలసిన చోటు హార్మోను కాదు, పేగు. 100 గ్రాముల గింజల్లో 27 గ్రాముల పీచు. తడి తగిలితే జిగురై ఉబ్బుతుంది. గుప్పెడు మింగి గుక్కెడు నీళ్లతో సరిపెట్టేవాడికి మలబద్ధకం రావచ్చు, మితిమీరితే పేగే మూసుకుపోవచ్చు. వేసవిలో ట్యాంకరు కోసం కాచుకునే ఊళ్లో 'నీళ్లు బాగా తాగవలెను' అన్న విధి కొంత కటువే. మాత్రతో కలిపి మింగితే మందు ఒంటికి పట్టడం ఆలస్యమవుతుంది. రక్తం పలచబడే మందులు వాడేవారు డాక్టరును అడగాలి. పచ్చి గింజలో సయనైడును పుట్టించే పదార్థాలు కొద్దిగా ఉంటాయి, వేయిస్తే తగ్గుతాయి. మూకుడులో చిటపటలాడేదాకా వేయించాకే రోట్లో వేసే మన ఇళ్ల పద్ధతి ఇక్కడ శాస్త్రసమ్మతం. నమలక మింగిన గింజ మాత్రం వచ్చినట్టే పోతుంది.

పాఠాంతరం: ప్రగతినగర్ ప్రతిలో 'అవిసె'కు బదులు 'సోయా' అని ఉంది. నిజాంపేట ప్రతిలో 'చియా'. తక్కిన సూత్రమంతా సమానం.