పొడి శాస్త్రవేత్తకు జాగా ఏదీ?

ప్రభుత్వానికో మనవి. పటాన్‌చెరు దగ్గరి సుల్తాన్‌పూర్‌లో 2017లో 250 ఎకరాల వైద్య పరికరాల పార్కుకు శంకుస్థాపన చేశారు, బాగుంది. గుండెకు వేసే స్టెంట్లు అక్కడ తయారవుతున్నాయి, ఇంకా బాగుంది. కానీ రోడ్డు పక్కనున్న మహా శాస్త్రవేత్తకు గజం జాగా ఇవ్వలేదేం? ఆయన ల్యాబు ఒక మడత బల్ల, ఒక ఫ్లెక్సీ: "ఇన్సులిన్ సూది మెదడును తినేస్తుంది. మతిమరుపంటే మూడో రకం షుగర్. రెండింటికీ మా పొడే మందు!"

నేరేడు గింజలు, మెంతులు, ఇంకేదో రహస్యం. డబ్బా మీద తయారీ తేదీ లేదు. ధర మాత్రం ఉంది, అదీ కొట్టేసి పెన్నుతో పెంచి రాసింది.

ఆ "మూడో రకం" మాట 2005లో అమెరికాలోని బ్రౌన్ యూనివర్సిటీకి చెందిన సుజాన్ డి లా మోంటే బృందం అన్నది. అల్జీమర్స్ రోగి మెదడులో ఇన్సులిన్ పని సరిగా సాగడం లేదని వాళ్ల అనుమానం. అంటే కొరత అన్నమాట. ఫ్లెక్సీలో మొదటి వాక్యాన్ని రెండోదే తంతోంది. మన పొడి శాస్త్రవేత్త గమనించినట్టు లేదు.

శాస్త్రవేత్తలు ఊరుకోలేదు, ఇన్సులిన్‌ను ముక్కులో పిచికారీ చేసి చూశారు. 289 మంది, ఏడాది కాలం. పిచికారీ పరికరమే మొరాయిస్తే మధ్యలో ఇంకోటి తెచ్చుకున్నారు. లాభం లేదని 2020లో ప్రకటించారు. సెమాగ్లుటైడ్ అనే షుగర్ మాత్రను 3,800 మందికి పైగా రోగులపై పరీక్షించి, జబ్బు నెమ్మదించలేదని 2025లో ఒప్పుకున్నారు. వెర్రివాళ్లు! మనవాడికి ఓటమే లేదు. లెక్క రాస్తే కదా ఓడేది.

ఒక్కటి నిజం. సూది వేసుకుని తినకుండా ఉంటే షుగర్ పడిపోతుంది: చెమటలు, వణుకు, మాట తడబాటు. పదే పదే తీవ్రంగా పడిపోతే మెదడుకూ చేటే. నైట్ షిఫ్టుల పటాన్‌చెరులో తిండి వేళ తప్పడం మామూలే. దానికి జేబులో చక్కెర ఉండాలి, డోసు డాక్టరు సరిచేయాలి. సూది మానేస్తే పెరిగే షుగర్ మెదడు రక్తనాళాలనూ వదలదు.

షుగర్, మెదడు జబ్బులు నయం చేస్తామని ప్రకటించడమే మందుల ప్రకటనలపై ఉన్న 1954 చట్టం ప్రకారం నేరం. మొదటిసారికే ఆరు నెలల దాకా జైలు. కాబట్టి ఎకరాలు అక్కర్లేదు, కంది జైల్లో ఒక గది చాలు.

ఈలోగా మీ ఇంట్లో ఎవరైనా ఆ ఫ్లెక్సీ చూసి సూది మానేసి ఉంటే, రేపు కాదు, ఇవాళే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. డబ్బా కూడా పట్టుకెళ్లండి.